పాత క్రెడిట్లను కొత్త డిగ్రీలోకి మార్చుకోవడం: మొదటి కాగితం నుంచి చివరి అప్పీలు దాకా

పూర్తి చేసిన చదువును కాలేజీలు క్రెడిట్లలో కొలుస్తాయి. కొత్త యూనివర్సిటీ నుంచి "మీ 60 క్రెడిట్లను అంగీకరించాం" అని లేఖ రాగానే, 120 క్రెడిట్ల డిగ్రీలో సగం పూర్తయినట్టేనని చాలామంది అనుకుంటారు. తీరా రిజిస్ట్రేషన్ నాడు చూస్తే, ఆ 60లో 27 మాత్రమే డిగ్రీకి తప్పనిసరి అయిన సబ్జెక్టుల కింద జమై, మిగిలిన 33 "ఇతర ఎలెక్టివ్‌లు" అనే, అంటే ఐచ్ఛిక సబ్జెక్టుల, గడిలో పడి ఉండవచ్చు. ఆ గడిలో డిగ్రీ నిబంధనలు 12 క్రెడిట్లకు మించి ఒప్పుకోకపోతే, 60 వచ్చినట్టు రాసి ఉన్నా నిజంగా తగ్గిన భారం 39 క్రెడిట్లే.

క్రెడిట్లను అంగీకరించడం ఒకటి, అవి డిగ్రీలో లెక్కకు రావడం మరొకటి. మొదటిది సాధారణంగా అడ్మిషన్ల విభాగమో రిజిస్ట్రార్ కార్యాలయమో చేసే పని. రెండోది ఆ సబ్జెక్టు బోధించే డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య కాలేజీలు మారిన విద్యార్థులు సగటున సుమారు 43 శాతం క్రెడిట్లను కోల్పోయారు. ఈ నష్టాన్ని పూర్తిగా ఆపలేకపోవచ్చు గానీ, చాలావరకు తగ్గించుకునే అవకాశం విద్యార్థి చేతిలోనే ఉంది. అందుకు కావలసినవి ముందుచూపు, సరైన కాగితాలు, ఎవరిని ఏమి అడగాలో తెలియడం.

మొదటి అడుగు: మీ దగ్గర ఏముందో లెక్క చూసుకోండి

ఇంతవరకు చదివిన ప్రతి కాలేజీని, మధ్యలో మానేసిన చోటును, తప్పిన సబ్జెక్టులను కూడా కలిపి ఒక పట్టిక వేసుకోండి. సబ్జెక్టు కోడ్, పేరు, క్రెడిట్లు, వారానికి ఎన్ని గంటల పాఠం, ఎన్ని గంటల ప్రాక్టికల్, వచ్చిన గ్రేడు, చదివిన సంవత్సరం, వాడిన పాఠ్యపుస్తకం: ఒక్కో సబ్జెక్టుకు ఇవన్నీ ఒకే వరుసలో ఉండాలి. మార్కులు బాగా రాలేదని ఒక కాలేజీని దరఖాస్తులో చూపకుండా వదిలేయడం ప్రమాదకరం. చదివిన సంస్థలన్నిటినీ వెల్లడించాలని దరఖాస్తు ఫారాలు స్పష్టంగా అడుగుతాయి, దాచిన సంగతి తరువాత బయటపడితే ప్రవేశమే రద్దు కావచ్చు.

ఈ పట్టికలో తరగతి గదికి బయట సంపాదించినవాటికీ చోటివ్వండి. అమెరికాలో తరగతికి వెళ్లకుండానే కాలేజీ క్రెడిట్ సంపాదించుకునేందుకు కాలేజ్ బోర్డు నిర్వహించే క్లెప్ పరీక్షలు, హైస్కూల్లో రాసిన కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు, సైనిక శిక్షణ, భారతదేశంలో 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక మీద పరీక్ష రాసి పూర్తి చేసిన కోర్సులు క్రెడిట్లుగా మారే వీలుంది. వీటి ఫలితాలు పాత కాలేజీ ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే చదువు మొత్తాన్ని చూపే అధికారిక పత్రంలో, కనిపించినా, కొత్త సంస్థ చాలాసార్లు వాటిని మూల సంస్థ నుంచే విడిగా తెప్పించమంటుంది.

గ్రేడు విషయంలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. చాలా సంస్థలు కనీసం "సి" గ్రేడు, లేదా దానికి సమానమైనది, వచ్చిన సబ్జెక్టులనే తీసుకుంటాయి; ఉత్తీర్ణత అని మాత్రమే రాసి గ్రేడు లేని సబ్జెక్టుల దగ్గర పేచీ వస్తుంది. రెండోది, సాధారణంగా క్రెడిట్లు బదిలీ అవుతాయి గానీ గ్రేడ్లు కావు. కొత్త చోట మీ గ్రేడ్ పాయింట్ సగటు సున్నా నుంచి మొదలవుతుంది. పాత మార్కులు తక్కువైతే ఇది వరమే, ఎక్కువైతే కష్టపడి తెచ్చుకున్న సగటు కొత్త ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపించదు.

క్రెడిట్ల వయసు కూడా చూస్తారు. చరిత్ర, సాహిత్యం వంటివి పదేళ్ల తరువాతా చెల్లుబాటు కావచ్చు. కంప్యూటర్ సైన్స్, నర్సింగ్, జీవశాస్త్రం వంటి వాటిలో ఐదు నుంచి పదేళ్లు దాటితే డిపార్ట్‌మెంట్లు వెనకాడతాయి. భారతదేశంలో 2021 నాటి యూజీసీ నిబంధనలతో ఏర్పడిన, విద్యార్థుల క్రెడిట్లను ఖాతాలో భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో జమ చేసిన క్రెడిట్లకు గరిష్ఠంగా 7 సంవత్సరాల గడువు పెట్టారు. అక్కడ ఖాతా ఉన్నవారు తమ పాత సంస్థ నిజంగా క్రెడిట్లను ఎక్కించిందో లేదో ఇప్పుడే తెరిచి చూడాలి. ఖాతా ఉన్నంత మాత్రాన అందులో జమ ఉంటుందని అనుకోవడానికి లేదు.

రెండో అడుగు: మీ క్రెడిట్ ఏ కొలతలో ఉంది?

క్రెడిట్ అన్న మాట ఒకటే గానీ కొలత ఒకటి కాదు. అమెరికాలో ఒక సెమిస్టర్ క్రెడిట్ అంటే దాదాపు 15 వారాలపాటు వారానికి ఒక గంట తరగతి, దానికి తోడు రెండు గంటల సొంత చదువు; మొత్తం సుమారు 45 గంటలు. యూరప్ దేశాల ఉమ్మడి క్రెడిట్ పద్ధతి అయిన ఈసీటీఎస్‌లో ఒక క్రెడిట్ 25 నుంచి 30 గంటల శ్రమకు సమానం, ఏడాది పూర్తికాల చదువుకు 60 క్రెడిట్లు. ఇంగ్లండ్‌లో ఒక క్రెడిట్‌కు 10 గంటలు, ఏడాదికి 120 క్రెడిట్లు, ఆనర్స్ డిగ్రీకి 360. భారతదేశంలో ఒక సెమిస్టర్‌పాటు వారానికి ఒక గంట పాఠం, లేదా రెండు గంటల ప్రాక్టికల్, ఒక క్రెడిట్ అవుతుంది. కొత్త పాఠ్యప్రణాళిక చట్రంలో మూడేళ్ల డిగ్రీకి 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160 క్రెడిట్లు.

అందుచేత సంఖ్యను సంఖ్యతో పోల్చకూడదు, ఏడాది చదువును ఏడాది చదువుతో పోల్చాలి. ఏడాదికి 60 ఈసీటీఎస్ క్రెడిట్లు అమెరికాలో ఏడాదికి చదివే 30 సెమిస్టర్ క్రెడిట్లకు సాటి కాబట్టి, అక్కడి సంస్థలు సాధారణంగా రెండు ఈసీటీఎస్ క్రెడిట్లను ఒకటిగా లెక్కిస్తాయి. ఇంగ్లండ్ క్రెడిట్లు రెండు కలిస్తే ఒక ఈసీటీఎస్ క్రెడిట్. ఈ లెక్క తెలియక "నాకు 120 ఉంటే 30 చేశారు" అని ఫిర్యాదు చేయడం వల్ల, నిజంగా అన్యాయం జరిగిన చోట మన మాటకు విలువ తగ్గుతుంది.

అన్నిటికన్నా చిక్కు తెచ్చేది ఒకే దేశంలో ఉన్న తేడా. అమెరికాలో కొన్ని కాలేజీలు సెమిస్టర్లలో, కొన్ని అంతకన్నా చిన్న కాలావధులైన క్వార్టర్లలో నడుస్తాయి. ఒక క్వార్టర్ క్రెడిట్ అంటే సెమిస్టర్ క్రెడిట్‌లో మూడింట రెండు వంతులు, అంటే 180 క్వార్టర్ క్రెడిట్లు 120 సెమిస్టర్ క్రెడిట్లకు సమానం. మీరు 4 క్వార్టర్ క్రెడిట్లకు చదివిన సబ్జెక్టు 2.67 సెమిస్టర్ క్రెడిట్లవుతుంది. కొత్త డిగ్రీకి కావలసింది 3 క్రెడిట్ల సబ్జెక్టు. 0.33 తగ్గింది కనుక మొత్తం సబ్జెక్టును మళ్లీ చదవాలా? చాలాచోట్ల అవసరం లేదు. సబ్జెక్టు నెరవేరినట్టే గుర్తించి, తగ్గిన భిన్నాన్ని మొత్తం క్రెడిట్లలో వేరే ఎలెక్టివ్‌తో పూడ్చుకోనిస్తారు. అయితే అడగకుండా ఆ వెసులుబాటు దానంతటదే రాదు. మీ పట్టికలో 2.67, 3.33 వంటి అంకెలు కనిపించిన ప్రతిచోటా "సబ్జెక్టు నెరవేరిందా, క్రెడిట్లు మాత్రమే తగ్గాయా" అని విడిగా రాయించుకోండి.

మూడో అడుగు: కాగితాలు

మార్కుల మెమో ట్రాన్స్‌క్రిప్ట్ కాదు. ట్రాన్స్‌క్రిప్ట్ అంటే అన్ని సెమిస్టర్ల సబ్జెక్టులు, క్రెడిట్లు, గ్రేడ్లు, గ్రేడింగ్ పద్ధతి వివరణ ఒకేచోట చేర్చి, సంస్థ నేరుగా, సీలు వేసిన కవరులో గానీ ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ పంపే పత్రం. మీ చేతికి వచ్చిన కవరును ఆత్రంగా తెరిచారంటే అది అధికారిక పత్రంగా చెల్లదు. పాత కాలేజీకి ఫీజు బకాయి, లైబ్రరీ పుస్తకం బాకీ వంటివి ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ ఆగిపోవచ్చు కనుక, దరఖాస్తుకు చాలా ముందే ఆ లెక్కలు తేల్చుకోవాలి.

కానీ నా దృష్టిలో ట్రాన్స్‌క్రిప్ట్ కన్నా విలువైనది సిలబస్. ట్రాన్స్‌క్రిప్ట్ చెప్పేది మీరు ఏదో పేరున్న సబ్జెక్టులో ఉత్తీర్ణులయ్యారని మాత్రమే. "గణితం-2" అన్న పేరు చూసి అందులో అవకలన సమీకరణాలున్నాయో మాత్రికలున్నాయో ఎవరూ చెప్పలేరు. మీరు చదివిన సంవత్సరానికి అమల్లో ఉన్న సిలబస్సే కావాలి, ఇప్పటిది కాదు. యూనిట్లవారీ పాఠ్యాంశాలు, ఒక్కోదానికి కేటాయించిన గంటలు, పాఠ్యపుస్తకాలు, మూల్యాంకన పద్ధతి అందులో ఉండాలి. వీలైతే ప్రతి పేజీ మీద డిపార్ట్‌మెంట్ ముద్ర వేయించండి. పాత సిలబస్ దొరకనప్పుడు డిపార్ట్‌మెంట్ కార్యాలయం, యూనివర్సిటీ లైబ్రరీ, అప్పట్లో మీతో చదివినవారి ఫైళ్లు, ఆ తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో భద్రమై ఉన్న కాలేజీ పాత వెబ్‌పేజీలు: ఈ వరుసలో వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఇంకా చదువుతున్నవారు మాత్రం ఈ తిప్పలు పడనక్కర్లేదు. ప్రతి సెమిస్టర్ మొదటి వారంలో సిలబస్‌ను ఒక ఫోల్డర్‌లో దాచుకుంటే చాలు, దానితోపాటు ప్రశ్నపత్రాలు, ప్రాజెక్టు రిపోర్టులు కూడా.

దేశం మారుతున్నవారికి మరో మెట్టు ఉంది. అమెరికాలో చాలా కాలేజీలు విదేశీ పత్రాలను నేసెస్ అనే మదింపు సంస్థల సంఘంలో సభ్యత్వం ఉన్న సంస్థల చేత మదింపు చేయించమంటాయి. డబ్ల్యూఈఎస్ అటువంటి వాటిలో ఒకటి. ఈ సంస్థలు రెండు రకాల రిపోర్టులు ఇస్తాయి. డిగ్రీ దేనికి సమానమో చెప్పే సంక్షిప్త రిపోర్టు చవక, కానీ క్రెడిట్ల బదిలీకి అది పనికిరాదు. ప్రతి సబ్జెక్టుకూ క్రెడిట్లు, గ్రేడు విడివిడిగా చూపే కోర్సువారీ రిపోర్టు తీసుకోవాలి. ఏ సంస్థ రిపోర్టును అంగీకరిస్తారో కొత్త కాలేజీని ముందే అడగకపోతే రెండుసార్లు డబ్బు కట్టాల్సి వస్తుంది. యూరప్‌లో విదేశీ చదువుల గుర్తింపు గురించి సమాచారం ఇచ్చేందుకు ఎనిక్-నారిక్ అనే కేంద్రాలు ఉన్నాయి. 1997 నాటి లిస్బన్ గుర్తింపు ఒప్పందం ప్రకారం, ఒప్పందంలో ఉన్న దేశాలు పరస్పరం చదువు కాలాన్ని గుర్తించాలి. చెప్పుకోదగ్గ తేడా ఉందని చూపగలిగితేనే నిరాకరించవచ్చు.

నాలుగో అడుగు: డబ్బు కట్టకముందే అడగవలసినవి

ప్రవేశం ఖరారై ఫీజు కట్టిన తరువాత మీ బేరమాడే శక్తి సగానికి సగం పోతుంది. కాబట్టి ఈ ప్రశ్నలకు జవాబులు ముందే, రాతపూర్వకంగా తీసుకోండి.

డిగ్రీలో ఎన్ని క్రెడిట్లు ఆ సంస్థలోనే చదవాలి? దీన్ని రెసిడెన్సీ నిబంధన అంటారు; మీరు హాస్టల్లో ఉంటారా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. అమెరికాలో చాలాచోట్ల ఇది నాలుగో వంతు, అంటే 120లో 30. భారతదేశంలో అకడమిక్ బ్యాంక్ నిబంధనలు డిగ్రీ ఇచ్చే సంస్థలో కనీసం 50 శాతం సంపాదించాలన్నాయి. దీనికి తోడు చివరి 30 క్రెడిట్లు ఇక్కడే చదవాలని, ప్రధాన సబ్జెక్టులో పైస్థాయి కోర్సులు బయటివి ఇన్నింటికి మించి ఒప్పుకోమని మరికొన్ని షరతులు ఉంటాయి.

పాత కాలేజీతో కొత్త సంస్థకు బదిలీ ఒప్పందం ఉందా? ఉంటే ఏ సబ్జెక్టు దేనికి సాటియో ముందే రాసి ఉంటుంది, వాదించాల్సిన పని ఉండదు. కాలిఫోర్నియా ప్రభుత్వ కాలేజీల మధ్య ఇటువంటి పట్టికలను అసిస్ట్ అనే వెబ్‌సైట్‌లో చూడవచ్చు. ఇతర చోట్ల ట్రాన్స్‌ఫరాలజీ అనే వెబ్‌సైట్ ఉపయోగపడుతుంది. పాత సంస్థకు కొత్త సంస్థ గుర్తించే అక్రెడిటేషన్, అంటే అధికారిక నాణ్యతా గుర్తింపు, ఉందో లేదో కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే అది లేనిచోట సిలబస్ ఎంత గట్టిదైనా ఫైలు ముందుకు కదలదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: "నా సబ్జెక్టులు డిగ్రీలో ఏ గడిలో పడతాయి, నాకు ఇంకా ఎన్ని సెమిస్టర్లు మిగులుతాయి?" ఈ ప్రశ్నకు ప్రాథమిక అంచనా అయినా ఇవ్వని సంస్థను, ఇచ్చే సంస్థతో సమానంగా చూడకండి. తొంభై క్రెడిట్లు తీసుకుని మూడేళ్లు చదివించే చోటు కన్నా, అరవై తీసుకుని రెండేళ్లలో పట్టా ఇచ్చే చోటే మేలు.

ఐదో అడుగు: సబ్జెక్టుకు సబ్జెక్టు జోడించి చూపడం

ఇది విద్యార్థి స్వయంగా చేయవలసిన పని. ఎంతమంది సలహాదారులున్నా మీ పాత సిలబస్‌ను మీ అంత శ్రద్ధగా ఎవరూ చదవరు. ఒక ఉదాహరణ తీసుకుందాం.

కొత్త డిగ్రీలో "గణాంకశాస్త్ర ప్రవేశిక" తప్పనిసరి. అందులో దత్తాంశాన్ని క్లుప్తంగా వర్ణించడం, సంభావ్యత, సంభావ్యతా విభాజనాలు, అంచనా వేయడం, పరికల్పన పరీక్షలు, రిగ్రెషన్ అనే ఆరు భాగాలు ఉన్నాయనుకోండి. మీరు చదివింది "వ్యాపార గణాంకాలు", 60 గంటలు. మొదటి మదింపులో దాన్ని వాణిజ్యశాస్త్ర ఎలెక్టివ్‌గా పడేశారు. పేరులో "వ్యాపార" అన్న మాట ఉంది కనుక ఇలా జరగడం మామూలే.

ఇప్పుడు రెండు నిలువు వరుసల కాగితం తయారు చేయండి. ఎడమవైపు కొత్త సబ్జెక్టు ఆరు భాగాలు, కుడివైపు మీ పాత సిలబస్‌లో అవి ఉన్న యూనిట్, గంటలు. సగటులు, విచలనం మొదటి యూనిట్‌లో ఉన్నాయి. కోరిలేషన్, రిగ్రెషన్ రెండో యూనిట్‌లో, సంభావ్యత, ద్విపద, సామాన్య విభాజనాలు మూడోదానిలో, టీ-టెస్ట్, కై-స్క్వేర్ నాలుగోదానిలో. అంచనా వేయడం అన్న మాట మాత్రం సిలబస్‌లో ఎక్కడా కనబడదు. అయితే నాలుగో యూనిట్‌లో "నమూనా సిద్ధాంతం" అని ఉంది, ఆ ఏటి ప్రశ్నపత్రంలో 95 శాతం విశ్వాస అవధులు కనుక్కోమని ఒక లెక్క ఇచ్చారు. ఆ ప్రశ్నను జతపరచండి. ఖాళీగా ఉన్న గడిని నింపేది అదే.

కొత్త సబ్జెక్టులో వారానికి ఒక గంట సాఫ్ట్‌వేర్ ల్యాబ్ ఉండి, మీరు కాలిక్యులేటర్‌తోనే సరిపెట్టి ఉంటే, ఆ లోటును దాచకండి. చదివే అధ్యాపకుడికి అది మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది. దానికి బదులు, ల్యాబ్ వరకు విడిగా పూర్తి చేస్తాననో, తరగతికి వెళ్లకుండా సబ్జెక్టు వచ్చని నిరూపించే ఛాలెంజ్ పరీక్ష రాస్తాననో మీరే ప్రతిపాదించండి. లోటును ఒప్పుకుని దారి చూపిన దరఖాస్తును తోసిపుచ్చడం కష్టం.

అన్ని సబ్జెక్టులకూ ఇంత శ్రమ అక్కర్లేదు. తరువాతి సబ్జెక్టులకు మెట్టుగా నిలిచేవాటిని ముందు ఎంచుకోండి. గణితమో ప్రోగ్రామింగో మొదటి మెట్టు దగ్గర ఆగిపోతే దాని వెనుక మూడు సెమిస్టర్లు వరుసగా ఆగిపోతాయి. సంగీత పరిచయం లాంటి ఎలెక్టివ్ పోతే పోయేది ఆ మూడు క్రెడిట్లే.

ఆరో అడుగు: పునఃపరిశీలన కోరడం

మొదటి మదింపే తుది మాట కాదు. అప్పీలుకు గడువు తక్కువగా ఉండవచ్చు కనుక ఫలితం చేతికి వచ్చిన వారంలోనే స్పందించడం మంచిది. లేఖ పొట్టిగా ఉండాలి, ఒక లేఖలో ఒక సబ్జెక్టే ఉండాలి, కోరేది మొదటి వాక్యంలోనే రావాలి. ఇలా రాయవచ్చు:

"నేను 2021లో పూర్తి చేసిన 'వ్యాపార గణాంకాలు' సబ్జెక్టును మీ 'గణాంకశాస్త్ర ప్రవేశిక'కు సమానంగా గుర్తించవలసిందిగా కోరుతున్నాను. ప్రస్తుత మదింపులో ఇది సాధారణ ఎలెక్టివ్‌గా నమోదైంది. మీ సిలబస్‌లోని ఆరు భాగాలకు నేను చదివిన యూనిట్లను జోడించిన పట్టిక, డిపార్ట్‌మెంట్ ముద్రతో ఉన్న నాటి సిలబస్, వార్షిక ప్రశ్నపత్రం జతపరిచాను. సాఫ్ట్‌వేర్ ల్యాబ్ నేను చదివిన సబ్జెక్టులో లేదు. ఆ భాగాన్ని విడిగా పూర్తి చేయడానికి సిద్ధంగా ఉన్నాను."

ఇందులో ఆర్థిక ఇబ్బందులు, పాత కాలేజీ గొప్పతనం, పక్క విద్యార్థికి ఇచ్చారన్న పోలిక ఏవీ లేవు. అవి నిజమే కావచ్చు గానీ, సమానత్వాన్ని నిర్ణయించే అధ్యాపకుడికి వాటితో పని లేదు. జవాబు కాదని వస్తే ఏ పాఠ్యాంశం సరిపోలలేదో మర్యాదగా అడగండి. కారణం తెలిస్తే కొత్త ఆధారం చూపవచ్చు, లేదా ఆ సబ్జెక్టు బదులు మరొకదాన్ని అనుమతించే సబ్‌స్టిట్యూషన్ కోరవచ్చు.

చివరిగా చూసుకోవలసిన రెండు మూడు సంగతులు

వచ్చే ప్రతి క్రెడిట్‌నూ తీసుకోవడం ఎప్పుడూ లాభం కాదు. అమెరికాలో ఫెడరల్ ఆర్థిక సహాయం పొందేవారికి, ప్రోగ్రామ్ నిడివికి ఒకటిన్నర రెట్లు దాటి క్రెడిట్లు ప్రయత్నించకూడదన్న పరిమితి ఉంది. డిగ్రీలోకి అంగీకరించిన బదిలీ క్రెడిట్లు ఆ లెక్కలో చేరతాయి. కనుక పనికిరాని ఎలెక్టివ్‌ల కుప్ప రేపటి సహాయానికే అడ్డు కావచ్చు. అలాగే, ఇప్పటికే క్రెడిట్ వచ్చిన సబ్జెక్టును వేరే పేరుతో పొరపాటున మళ్లీ చదివితే, రెండింటిలో ఒకదాన్ని తీసేస్తారు.

అమెరికాలో రెండేళ్ల కమ్యూనిటీ కాలేజీ నుంచి పట్టా తీసుకోకుండానే వచ్చేసినవారికి రివర్స్ ట్రాన్స్‌ఫర్ అనే దారి ఉంది: కొత్త చోట సంపాదించిన క్రెడిట్లను పాత కాలేజీకి పంపి, అక్కడ మిగిలిపోయిన అసోసియేట్ డిగ్రీని పూర్తి చేయించుకోవచ్చు.

మదింపు పూర్తయ్యాక, ఏ సబ్జెక్టు ఏ గడిలో ఉందో, ఇంకా ఏవి మిగిలాయో చూపే డిగ్రీ ఆడిట్ రిపోర్టును డౌన్‌లోడ్ చేసి, తేదీ వేసి దాచుకోండి. ప్రతి సెమిస్టర్ రిజిస్ట్రేషన్‌కు ముందు కొత్త రిపోర్టును దాని పక్కన పెట్టి చూడండి. ప్రోగ్రామ్ మార్చుకున్నా, పాఠ్యప్రణాళిక మారినా, నిన్నటి దాకా తప్పనిసరి (కోర్) గడిలో ఉన్న సబ్జెక్టు చడీచప్పుడు లేకుండా ఎలెక్టివ్ గడిలోకి జారిపోయే వీలుంది. అప్పుడు పాత తేదీతో ఉన్న ఆ రిపోర్టే మీ ఆధారం.